వానల్లో తోలు బూట్లు: నూనె ఎంత, మైనం ఎక్కడ

తోలుకు నూనె పట్టించడం ఒక పని, నీళ్ళు దిగకుండా చెయ్యడం ఇంకో పని. దుకాణంలో రెండింటికీ కలిపి ఒకే డబ్బా చేతిలో పెడతారు. మనం కూడా తొలకరి పడగానే దాని మూత తీసి బూటు నిండా మెత్తేస్తాం. నెల తిరిగేసరికి బూటు వదులై ఆకారం పోతుంది, సాక్సుకు జిడ్డు అంటుతుంది, నీళ్ళు మాత్రం కుట్లలోంచి ఎప్పటిలాగే లోపలికి దిగుతుంటాయి. నూనె తోలు లోపలి పీచుల కోసం. మైనం బయటి పొర కోసం, అందులోనూ ముఖ్యంగా కుట్ల కోసం. ఏది ముందు, ఏది ఎంత, ఏ తోలుకు ఏది అసలు వద్దు అన్నది తెలిస్తే ఏడాదికి రెండు మూడుసార్లు కాస్త తీరిక చేసుకుంటే సరిపోతుంది.

ఏ తోలో ముందు తేల్చుకోండి

బూటు లేసులు విప్పి నాలుక పైకి లాగి దాని కోసిన అంచు చూడండి. అంచులో వెంట్రుకల్లాంటి పీచు ఒకదానిలో ఒకటి అల్లుకుని కనిపిస్తే తోలు. పైన ప్లాస్టిక్ పొర, కింద నేసిన గుడ్డ కనిపిస్తే రెక్సిన్. దానికి నూనె పోసినా నెయ్యి పోసినా ఒకటే, తడి గుడ్డతో తుడుచుకోవడం తప్ప చేసేదేమీ లేదు.

తోలే అని తేలాక నీటి చుక్క పరీక్ష చెయ్యండి. బూటు బయటి తోలు మీదే, రెండో కాలి వైపు ఉండే పక్కన, పాదం వంపు దగ్గర ఒక చుక్క మంచినీళ్ళు వేసి రెండు నిమిషాలు ఆగండి. చుక్క కిందికి ఇంకి అక్కడ రంగు ముదిరితే ఆ తోలు రంధ్రాలు తెరుచుకుని ఉన్నాయన్నమాట. అది నూనె తాగుతుంది, ఈ వ్యాసంలో చెప్పే చాలా పనులు దానికోసమే. చుక్క పూసలా నిలబడి ఉంటే రెండు కారణాలు ఉండొచ్చు. ఇంతకుముందు పూసిన పాలిష్ మైనం పేరుకుని ఉండొచ్చు, లేదా ఫ్యాక్టరీలోనే తోలు పైభాగాన్ని గరుకు కాగితంతో రాసి, దాని మీద రంగు కలిపిన అక్రిలిక్ లేదా పాలీయురెథేన్ పొర వేసి ఉండొచ్చు. పాలిష్ తుడిచేశాక కూడా చుక్క నిలబడితే రెండోదే. మన దగ్గర అమ్ముడయ్యే ఫార్మల్ బూట్లలో చాలా భాగం ఈ రకమే. సైట్లలో, ఫ్యాక్టరీల్లో వేసుకునే సేఫ్టీ షూలకు వాడే బార్టన్ ప్రింట్ తోలు కూడా ఇంతే, పైనున్న గింజల డిజైన్ అచ్చు వేసింది. వీటి మీద నూనె పోస్తే పైనే జారుతూ దుమ్ము పట్టించుకుంటుంది. వీటికి పల్చగా క్రీమ్ పాలిష్, మడతల దగ్గర మాత్రం కాస్త ఎక్కువ శ్రద్ధ చాలు. పై పొర చిట్లేది మడతల్లోనే, తోలులోంచి నీరు దిగేదీ అక్కడే.

స్వెడ్, నుబక్ అంటే మఖమల్‌లా నూగు ఉండే తోలు. దానికి నూనె, మైనం రెండూ పనికిరావు. నూగు అణిగిపోయి నల్లటి మచ్చలు పడతాయి, వాటిని పోగొట్టడం దాదాపు అసాధ్యం. అద్దంలా మెరిసే పేటెంట్ తోలుకు తడి గుడ్డ చాలు.

నూనె లోపల చేసే పని

తోలంటే కొల్లాజెన్ పీచుల కట్టలు. చర్మాన్ని తంగేడు చెక్క, కరక్కాయ వంటివాటితోనో, క్రోమియం లవణాలతోనో పదును చేశాక, ఫ్యాక్టరీలో దానికి నూనె ఎక్కిస్తారు. ఆ నూనె ఉన్నంతకాలం పీచులు ఒకదాని మీద ఒకటి జారుతూ తోలు మడత పడుతుంది. తడవడం, ఎండడం, చెమట, బురద తుడవడం, ఇవన్నీ ఆ నూనెను కొంచెం కొంచెంగా బయటికి లాగేస్తాయి. నూనె తగ్గిన తోలు తడిసి ఆరినప్పుడు పీచులు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. బూటు బిరుసెక్కడం అంటే ఇదే. ఆ బిరుసు తోలుతో నడిస్తే మడత దగ్గర పీచులు తెగుతాయి. తెగిన పీచును ఏ నూనే అతకదు. కాబట్టి పగుళ్ళు కనిపించాక నూనె వెతకడం ఆలస్యమే, బిరుసు తగిలినప్పుడే వెయ్యాలి.

శుభ్రం చెయ్యడం

లేసులు తీసేయండి, లోపలి అట్ట ఊడేదైతే అదీ తీసేయండి. పొడి బ్రష్‌తో, గుర్రపు వెంట్రుకలదైతే మంచిది, మట్టి దులపండి. తోలు, అట్ట (అడుగున నేలకు ఆనే సోల్) కలిసే సందులో పాత టూత్‌బ్రష్ వాడండి. నల్లరేగడి బురద ఎండనిచ్చి తర్వాత చూద్దాం అనుకోకండి. అది ఎండుతూ తోలులోని తేమను, దాంతోపాటు నూనెను పీల్చుకుంటుంది. తడిగా ఉన్నప్పుడే నీళ్ళతో తుడిచెయ్యడం నయం.

తర్వాత ఒక గ్లాసు, అంటే 250 మి.లీ. గోరువెచ్చని నీళ్ళలో అర చెంచా పిల్లల షాంపూ కలిపి, గుడ్డ ముంచి గట్టిగా పిండి తుడవండి. బట్టల సబ్బు, డిటర్జెంట్ పొడి, గిన్నెలు తోమే సబ్బు వద్దు. తోలు సహజంగా కొంచెం ఆమ్లగుణం ఉన్నది, దాని పీహెచ్ 4 దరిదాపుల్లో ఉంటుంది. బట్టల సబ్బు క్షారం, అది తోలును బిరుసు చేస్తుంది. తోలు వస్తువుల కోసమే అమ్మే శాడిల్ సోప్ కూడా కొంత క్షారమే కనుక ఏడాదికి ఒకటి రెండుసార్లకు మించి వాడకండి. పాలిష్ పేరుకుపోయి ఉంటే మాత్రం అది బాగా పనిచేస్తుంది. చివరగా మంచినీళ్ళలో తడిపి పిండిన గుడ్డతో నురగ పోయేదాకా తుడవండి. బోరు నీళ్ళు ఉప్పగా ఉండే ఊళ్ళలో ఫిల్టర్ నీళ్ళు వాడండి, లేకపోతే ఆరాక తెల్లటి చారలు తేలతాయి.

ఇప్పుడు ఆరనివ్వండి. ఫ్యాను గాలికి, నీడలో ఒక రాత్రి. కాస్త చెమ్మ మిగిలి ఉండగా నూనె పెడితే బాగా లోపలికి పోతుందని కొందరు అంటారు. పూర్తిగా తడిసిన తోలులో నూనెకు చోటే ఉండదు, అలాగని ఎండి కర్రలా అయిన తోలు నూనెను మచ్చలు మచ్చలుగా పీలుస్తుంది. చేత్తో ముడితే చల్లగా తగలకుండా, వంచితే మెత్తగా ఉన్న స్థితి సరైనది.

నూనె పట్టించడం

దుకాణంలో కొనే కండిషనర్లలో నాలుగు రకాల సరుకు ఉంటుంది. ఆవుల కాళ్ళ ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె, గొర్రె ఉన్ని నుంచి తీసే లానోలిన్, మింక్ అనే జంతువు కొవ్వు నుంచి తీసే మింక్ నూనె, నీటిలో కలిసిన క్రీములు. రోజూ వేసుకునే ఆఫీసు బూట్లకు క్రీము రకమే మంచిది, రంగు పెద్దగా ముదరదు, పాలిష్ మీద నిలుస్తుంది. బురదలో, రాళ్ళలో తిరిగే మందపాటి బూట్లకు నీట్స్‌ఫుట్ లేదా లానోలిన్ కలిసినవి. మింక్ నూనె తోలును బాగా మెత్తబరుస్తుంది, ఆకారం నిలవాల్సిన బూట్లకు దూరంగా ఉంచండి.

వీటిలో ఏదీ దొరకకపోతే ఆముదం. మన ఊళ్ళలో చెప్పులకు తరతరాలుగా రాస్తున్నది అదే, సరైన ఎంపిక కూడా. ఆముదం గాలికి గట్టిపడదు, త్వరగా కంపు కొట్టదు. కాకపోతే చిక్కగా ఉంటుంది. సీసాను వేడినీళ్ళ గిన్నెలో పది నిమిషాలు ఉంచి పల్చబడ్డాక వాడండి. ఇంట్లో వండిన నల్లటి ఆముదం లేత రంగు తోలును ముదురు చేస్తుంది, గానుగలో చల్లగా తీసిన లేత పసుపు రకం తీసుకోండి. కొబ్బరినూనె 24 డిగ్రీల దగ్గరే గడ్డకట్టేస్తుంది, చలికాలం తెల్లవారుజామున బూటు మీద తెల్లటి పూత కనిపించేది అందుకే. వేరుశనగ, పొద్దుతిరుగుడు నూనెలు కొన్నాళ్ళకు జిగట పట్టి కంపు కొడతాయి. అవిసె నూనె అసలు వద్దు. అది గాలికి ఆరి వార్నిష్‌లా గట్టిపడుతుంది, తోలు దానితోపాటే పగులుతుంది. పెట్రోలియం జెల్లీ పైన మెరుపు తెచ్చి దుమ్ము పట్టిస్తుంది, అత్యవసరానికి తప్ప వద్దు.

ఏది వాడినా మొదట నాలుక లోపలి వైపు గోరంత మేర రాసి మర్నాటి దాకా ఆగి రంగు చూసుకోండి. లేత గోధుమరంగు తోలు ఒక మెట్టు ముదరడం మామూలే. మచ్చగా ముదిరితే ఆ సరుకు ఆ తోలుకు నప్పదు.

పాళ్ళు ఇవి. చీలమండ దాకా వచ్చే ఒక జత బూట్లకు మొత్తం ఒక టీ చెంచా, అంటే 5 మి.లీ. ఆఫీసు బూట్లకు అందులో సగం. బాగా ఎండిన పాత బూట్లకు రెండు చెంచాలు, అదీ రెండు విడతలుగా, మధ్యలో ఒక రోజు విడిచి. నూనెను నేరుగా బూటు మీద పోయకండి, పోసిన చోట మచ్చ నిలిచిపోతుంది. పాత బనియన్ గుడ్డ మీద శనగగింజంత తీసుకుని, వేలికి చుట్టి, చిన్న చిన్న వలయాలుగా రాయండి. మొదలు మడతల దగ్గర, తర్వాత నాలుక రెండు పక్కలా, తర్వాత మడమ వెనక, చివరగా ముక్కు. ఎక్కువ వంగేచోట ఎక్కువ కావాలి. ముక్కు, మడమ గట్టిగా ఉండేలా లోపల అట్టో ప్లాస్టిక్కో పెట్టి ఉంటారు, అక్కడ గుడ్డలో మిగిలిన నూనె చాలు.

రాశాక ఒక రాత్రంతా అలాగే ఉంచండి. పొద్దున్న తోలు పైన ఇంకా మెరుస్తూ తడిగా ఉంటే అది తోలుకు అక్కర్లేని నూనె, పొడి గుడ్డతో తుడిచెయ్యండి. మళ్ళీ రాయాలా వద్దా అన్నదానికి ఒకటే గుర్తు: బూటును చేత్తో వంచినప్పుడు మడత సన్నటి గీతలతో గుండ్రంగా తిరిగితే చాలు. టకటకమని ఒక గీత దగ్గరే విరిగినట్టు వంగితే ఇంకో విడత కావాలి.

నూనె ఎక్కువైతే ఏమవుతుందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే నూనె లేక పాడైన బూట్లకన్నా నూనె ఎక్కువై చెడిన బూట్లే దర్జాగా కనిపిస్తూ చెడతాయి. పీచులు వదులై మడమ దగ్గర పట్టు పోతుంది, నడుస్తుంటే పాదం లోపల జారుతుంది. పాలిష్ నిలవదు. అతికించిన అట్ట అయితే జిగురు మెత్తబడి అంచు లేస్తుంది. ఆ పైన, వానాకాలం బూజుకు అదే విందు. బొటనవేలితో నొక్కితే నూనె తేలుతోందంటే పరిమితి దాటినట్టే. అప్పుడు ముల్తానీ మట్టి గానీ మొక్కజొన్న పిండి గానీ దట్టంగా చల్లి ఒక రాత్రి ఉంచి దులపండి, రెండు మూడు రాత్రులు ఇలాగే చెయ్యండి. పైపై నూనె వస్తుంది, లోతుకు పోయింది రాదు.

మైనం ఎక్కడ పెట్టాలి

నీళ్ళు దిగేది ఎక్కువగా తోలులోంచి కాదు, దారాలు వెళ్ళిన రంధ్రాల్లోంచి. తోలు, అట్ట కలిసే చుట్టు కుట్టు, ముక్కు మీది కుట్లు, నాలుక పక్క కుట్లు, లేసు రంధ్రాలు, మడమ వెనక నిలువు కుట్టు, ఇవీ దారులు. బూటంతా మైనం పూసి కుట్లు వదిలేస్తే డబ్బా వృథా.

ఇంకో లెక్క కూడా ఉంది. మైనం పొర చెమటను బయటికి పోనివ్వదు. మంచుదేశంలో మోకాలిదాకా మైనం పూసుకుంటే చెల్లుతుంది గానీ, విజయవాడ ఉక్కపోతలో అలా చేస్తే సాయంత్రానికి బూటు లోపలినుంచే తడుస్తుంది. మన వాతావరణానికి అట్ట నుంచి పైకి 3 సెం.మీ. ఎత్తు దాకా, దాని పైన కుట్ల మీద మాత్రమే మైనం పెట్టడం సరైన రాజీ. మిగతా తోలుకు మామూలు పాలిష్ మైనం చాలు.

డబ్బా కొనకుండా ఇంట్లో చేసుకోవాలంటే: తేనెమైనం 40 గ్రా., ఆముదం 50 గ్రా., లానోలిన్ 10 గ్రా. పెద్ద గిన్నెలో నీళ్ళు మరగబెట్టి అందులో చిన్న గిన్నె పెట్టి మైనం కరిగించండి. తేనెమైనం 62 నుంచి 65 డిగ్రీల మధ్య కరుగుతుంది, నీళ్ళ వేడి చాలు. నేరుగా మంట మీద పెట్టకండి, వేడెక్కిన మైనం ఆవిరికి నిప్పు అంటుకుంటుంది. కరిగాక ఆముదం, లానోలిన్ కలిపి, మూత ఉన్న రేకు డబ్బాలో పోసి చల్లారనివ్వండి. లానోలిన్ దొరక్కపోతే ఆముదం 60 గ్రాములు చెయ్యండి. ఎండాకాలం గదిలో మరీ మెత్తగా ఉంటే మళ్ళీ కరిగించి ఇంకో 5 గ్రా. మైనం వెయ్యండి. చీలమండ బూట్ల జతకు 8 నుంచి 10 గ్రాములు పడుతుంది.

నూనె పెట్టి కనీసం ఒక రోజు గడిచాకే మైనం. బూట్లను ఉదయపు ఎండలో పది, పదిహేను నిమిషాలు ఉంచి, తోలు గోరువెచ్చగా అయ్యాక లోపలికి తెచ్చి మైనం వేలితో రాయండి. గుడ్డకన్నా వేలే మేలు, ఒంటి వేడికి మైనం కరిగి సందుల్లోకి పోతుంది. ఎండ లేని రోజైతే హెయిర్ డ్రయ్యర్‌ను తక్కువ వేడిలో పెట్టి 20 సెం.మీ. దూరం నుంచి కదిలిస్తూ వేడి చెయ్యండి. మీ చెయ్యి అక్కడ హాయిగా ఆనించలేకపోతే వేడి ఎక్కువైనట్టు. ఒకేచోట ఆపితే అట్ట జిగురు వదులుతుంది.

కుట్ల మీద మైనాన్ని గోటితో నొక్కుతూ దారం వెంట లాగండి. చుట్టు కుట్టులోకి టూత్‌బ్రష్‌తో నెట్టండి. తర్వాత మరోసారి వేడి చూపితే మైనం మెరిసి లోపలికి ఇంకుతుంది, రంధ్రాలు మూసుకుంటాయి. గంట ఆగి బ్రష్‌తో రుద్ది, తెల్లగా పైన మిగిలింది తుడిచేయండి. కుళాయి కింద సన్నటి ధార పెట్టి కుట్ల మీద పోసి చూడండి. పూసలు కట్టి జారాలి. ఎక్కడ దారం నల్లబడితే అక్కడ ఇంకోసారి.

ఎన్‌సీసీ కేడెట్లు వేసే డీఎంఎస్ బూట్లకు అట్టను తోలు మీదే అచ్చు పోసి అతికిస్తారు, కనుక కింది చుట్టు కుట్టు బెంగ లేదు. అక్కడ నీళ్ళు దిగేది నాలుక పక్కల, లేసు రంధ్రాల దగ్గర. పరేడ్‌కు ముక్కు మీద అద్దంలా మెరిసే పాలిష్ పొరలు వేసేవాళ్ళు ఆ పొరల్ని ముక్కు, మడమల దగ్గరే ఆపాలి. వంగేచోట వేస్తే ఒక్క కవాతుకే పెళ్ళలుగా లేస్తుంది.

లోపల గోర్‌టెక్స్ వంటి, నీళ్ళను ఆపి చెమట ఆవిరిని బయటికి పోనిచ్చే పొర ఉన్న ట్రెకింగ్ బూట్లకు పైన చెప్పిన మైనం వద్దు. నీళ్ళు ఆపే పని లోపలి పొర చేసుకుంటుంది, పైన తోలు గాలి ఆడితేనే ఆ పొరకు విలువ. వాటికి నిక్‌వాక్స్ లాంటి నీటితో చేసిన ద్రావణాన్ని, తోలు తడిగా ఉండగానే స్పాంజితో రాస్తారు. స్వెడ్, నుబక్‌కు నీళ్ళు అంటనివ్వని స్ప్రే వాడండి. నూగు లేచేలా బ్రష్ చేసి, 15 నుంచి 20 సెం.మీ. దూరం నుంచి పల్చగా రెండు పొరలు, మధ్యలో అరగంట ఆగి. స్ప్రేలు ఏవైనా డాబా మీదో వాకిట్లోనో కొట్టండి, మూసిన గదిలో ఆ తుంపర పీలిస్తే ఊపిరితిత్తులకు ప్రమాదం. మామూలు తోలుకు సిలికాన్ స్ప్రే కొడితే ఆ రోజుకు బాగానే ఉంటుంది గానీ తర్వాత నూనె సమంగా ఇంకదు.

తడిసి ముద్దయిన బూటు

మోకాలి లోతు నీళ్ళలో నడిచి వచ్చారు, రేపు మళ్ళీ అవే వేసుకోవాలి. పొయ్యి పక్కన, ఫ్రిజ్ వెనక, ఇస్త్రీపెట్టె, బండి సైలెన్సర్ దగ్గర, మధ్యాహ్నపు ఎండలో, వీటిలో ఏదీ వద్దు. చెట్టు బెరడుతో శుద్ధి చేసిన తోలు తడిగా ఉన్నప్పుడు 70, 80 డిగ్రీల వేడికే ముడుచుకుపోతుంది, ఆ ముడుత మళ్ళీ విప్పుకోదు. క్రోమ్ తోలు ఇంకాస్త ఓర్చుకుంటుంది గానీ దాని జిగురు, అట్ట ఓర్చుకోవు.

మురుగు నీళ్ళయితే ముందు మంచినీళ్ళతో లోపలా బయటా కడగండి. లేసులు, లోపలి అట్ట తీసి, నాలుక బాగా ముందుకు లాగి, న్యూస్‌పేపర్ ఉండలు చేసి ముక్కు దాకా కూరండి. మరీ బిగించి కూరితే తడి తోలు సాగుతుంది, ఆకారం నిలిచేంత చాలు. లోపలి గుడ్డ తెల్లగా ఉంటే అచ్చు సిరా అంటకుండా టిష్యూ కాగితం వాడండి. మొదటి కాగితం గంటలో తడిసిపోతుంది, మార్చండి. మరో రెండు మూడు గంటలకు ఇంకోసారి, పడుకునేముందు ఇంకోసారి. బూటును నిలబెట్టకుండా పక్కకు పడుకోబెట్టండి, అట్టకూ గాలి తగలాలి. టేబుల్ ఫ్యాను బూటు నోట్లోకి వచ్చేలా పెట్టండి.

పూర్తిగా ఆరడానికి ఒకటిన్నర రోజు పడుతుంది, జోరు వానల్లో రెండు రోజులు. అంటే వానాకాలం రోజూ తోలు బూట్లు వేసుకునేవాళ్ళకు రెండు జతలు ఉండటం విలాసం కాదు. రేపే తప్పదంటే లోపలి అట్ట మార్చి, పొడి సాక్సు రెండో జత బ్యాగులో పెట్టుకోండి. ఆరాక, మైనం ఉన్నా లేకున్నా, మడతల దగ్గర పావు చెంచా నూనె తప్పనిసరి. తడి పోతూ నూనెను తీసుకుపోయింది మరి.

తెల్లటి పూత కనిపిస్తే

అల్మారాలోంచి తీసిన బూటు మీద తెల్లగా ఉన్నది బూజా, పైకి తేలిన కొవ్వా? హెయిర్ డ్రయ్యర్ వేడి చూపండి. కరిగి మాయమైతే కొవ్వు, గుడ్డతో తుడిస్తే చాలు. అలాగే ఉండి, వాసన కూడా వస్తుంటే బూజు.

బూజు పట్టిన జతను బయటికి తీసుకెళ్ళి, ముక్కుకు గుడ్డ కట్టుకుని పొడి బ్రష్‌తో దులపండి. 70 శాతం ఐసోప్రొపిల్ ఆల్కహాల్, నీళ్ళు సమానంగా కలిపి గుడ్డతో తుడవండి, లోపల కూడా. ఆల్కహాల్ రంగు లాగుతుంది, ముందు చాటున పరీక్షించుకోండి. లోపలి అట్ట పారెయ్యండి, దాన్ని బాగుచెయ్యలేరు. అరగంట ఉదయపు ఎండ, ఒక రోజు నీడ, ఆ తర్వాతే కొంచెం నూనె. బూజు చావకుండా నూనె పెడితే వారంలో మళ్ళీ వస్తుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ళలో బూట్లను ప్లాస్టిక్ కవర్లో కట్టిపెట్టకండి. గుడ్డ సంచి, బూటుకొక సిలికాజెల్ పొట్లం, వారానికోసారి అల్మారా తలుపు తీసిపెట్టడం.

అమెరికా, కెనడాల్లో ఉన్నవాళ్ళకు బూజుకన్నా ఉప్పు పెద్ద బెడద. చలికాలం మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు తోలులోకి ఇంకి, ఆరినప్పుడు అలల గీతల్లా తేలుతుంది. అది తేమను లాగుతూ తోలును బిరుసు చేస్తుంది కాబట్టి ఇంటికొచ్చిన రోజే తుడవాలి. తెల్ల వెనిగర్ ఒక పాలు, నీళ్ళు రెండు పాళ్ళు కలిపి గుడ్డతో అద్దండి, గీత దగ్గరే కాకుండా ఆ భాగమంతా, లేకపోతే కొత్త గీత పడుతుంది. తర్వాత మంచినీళ్ళు, ఆరబెట్టడం, నూనె. అక్కడ హీటర్ వేడిగాలి వచ్చే జాలీ మీద బూట్లు పెట్టే అలవాటు మానుకోవాలి.

తోలు అట్టతో ఉండే కిర్రు చెప్పులు, కొల్హాపురిలకు లెక్క వేరు. వాటిని వానలో వేసుకోకపోవడమే మంచిది, అట్ట పొరలు నీళ్ళు తాగి ఉబ్బుతాయి, తోలు దారాలు వదులవుతాయి. ఎండాకాలం చివర్లో ఒక్కో చెప్పుకు చెంచా గోరువెచ్చని ఆముదం, పట్టీలకు, అట్ట అంచులకు రాసి రెండు రాత్రులు ఉంచండి. పాదం ఆనే భాగానికి వద్దు, కాలు జారుతుంది.

ఎప్పుడెప్పుడు

రోజూ వేసే ఆఫీసు బూట్లకు రెండు మూడు నెలలకోసారి క్రీము. బయట తిరిగే బూట్లకు మే చివర నూనె, మైనం. కోస్తాలో అక్టోబరు, నవంబరు వానలు కూడా గట్టిగానే ఉంటాయి కాబట్టి అక్కడ సెప్టెంబరు చివర ఇంకోసారి. వానల మధ్యలో కుట్ల మీద నీళ్ళు పూస కట్టడం మానితే అక్కడ మాత్రం మైనం అద్దండి, మొత్తం మళ్ళీ చెయ్యక్కర్లేదు.

ఇంత చేసే ముందు ఒకసారి బూటును తిరగేసి అట్ట చూడండి. సేఫ్టీ షూలకు, చాలా ట్రెకింగ్ బూట్లకు వాడే పాలీయురెథేన్ అట్ట గాలిలోని తేమతోనే ఏళ్ళ తరబడి లోపల విరిగిపోతుంది. వాడినా వాడకపోయినా ఆగదు, పెట్టెలో దాచినవి ఇంకా ముందే పోతాయి. గోటితో అంచు నొక్కండి. జిగటగా గానీ, రస్కు పొడిలా రాలుతూ గానీ ఉంటే తోలుకు నూనె పెట్టి లాభం లేదు. పై తోలు బాగుండి, పగుళ్ళు లేకపోతే చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి తీసుకెళ్ళి రబ్బరు అట్ట వేయించుకోండి. జిగురు ఒక్కటే కాకుండా చుట్టూ కుట్టు కూడా వెయ్యమనండి. నూనె, మైనం ఆ పని అయ్యాకే. ముందే పెడితే కొత్త జిగురు పట్టదు.